ల్యాబ్ నుంచి హాస్టల్ దాకా

ల్యాబ్‌లో పని ముగిసేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. హాస్టల్‌కు బయలుదేరే అమ్మాయి ముందుగా రూమ్మేట్‌కు మెసేజ్ పెట్టి, లైవ్ లొకేషన్ పంపుతుంది. వెనక అడుగుల చప్పుడు వినపడాలి కనక ఇయర్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకుంటుంది. అడ్డదారి ఉన్నా లైట్లున్న చుట్టుదారే పడుతుంది. ఎవరో వెంట వస్తున్నట్టు అనిపిస్తే, అవతల ఎవరూ లేకపోయినా ఫోన్ చెవికి ఆనించి "ఆఁ అన్నయ్యా, గేటు దగ్గరికి వచ్చేశా" అంటుంది. ఏ మలుపులో చీకటి, ఏ టీకొట్టు ముందు ఆగకూడదు, ఏ సెక్యూరిటీ గార్డు మాట వింటాడు... ఇవన్నీ చేరిన కొత్తలోనే సీనియర్ అక్కలు చెప్పేస్తారు.

అబ్బాయిలకు భయాలు లేవని కాదు. ర్యాగింగ్ బాధ తట్టుకోలేకే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లో నిషేధ చట్టం తెచ్చుకుంది. కానీ చీకటిపడ్డాక ప్రతి అడుగుకూ లెక్క వేసుకోవాల్సిన పని ఎక్కువగా అమ్మాయిల మీదే పడింది.

ఈ జాగ్రత్తల ఖరీదు చాలా పెద్దది. ఢిల్లీ యూనివర్సిటీ విద్యార్థుల మీద ఆర్థికవేత్త గిరిజా బోర్కర్ చేసిన పరిశోధన ఆ సంగతి తేల్చింది. మంచి కాలేజీలో సీటు వచ్చే మార్కులున్నా, రోజూ వెళ్లే దారిలో వేధింపుల భయం తక్కువని కొంత తక్కువ స్థాయి కాలేజీలో చేరడానికి అమ్మాయిలు సిద్ధపడుతున్నారు. బస్సులో నలుగురి మధ్య నలగడం ఇష్టంలేక ఎక్కువ డబ్బు పెట్టి వేరే దారి వెతుక్కుంటున్నారు. అంటే వేధించినవాడు నష్టపోవడం లేదు, ఆమె చదువే తగ్గిపోతోంది. ఈ నష్టం ఏ పోలీసు రికార్డుకూ ఎక్కదు.

మరి యాజమాన్యాలు ఏం చేస్తాయి? ముందుగా గేటు వేస్తాయి. 2017 సెప్టెంబరులో బనారస్ హిందూ యూనివర్సిటీ ప్రాంగణంలో సాయంత్రం వేళ ఒక విద్యార్థిని వేధింపునకు గురైంది. అధికారులు తన గోడు వినకపోగా అంత పొద్దుపోయాక బయట ఏం పని అన్నారన్నది ఆమె ఫిర్యాదు. మర్నాడు వందలాది అమ్మాయిలు మెయిన్ గేటు ముందు బైఠాయించారు. వాళ్లడిగినవి వీధి దీపాలు, కెమెరాలు, పిలిస్తే పలికే గార్డులు. ఆ తర్వాతి రాత్రి వాళ్ల మీద లాఠీలు విరిగాయి. అంతకు రెండేళ్ల ముందు, 2015లో, ఢిల్లీలో హాస్టల్ వేళల ఆంక్షల మీద పింజ్రా తోడ్ ఉద్యమం మొదలైంది. అబ్బాయిల హాస్టల్ గేటు తెరిచి ఉంచి అమ్మాయిలదానికి తాళం వేస్తే, కాపలా ఎవరి మీద పెట్టినట్టు? ఆ ప్రశ్నకు నాకింతవరకూ సరైన జవాబు దొరకలేదు.

లైంగిక వేధింపుల నివారణపై యూజీసీ 2015 నిబంధనలు ఈ విషయంలో స్పష్టంగానే ఉన్నాయి. భద్రత పేరు చెప్పి అమ్మాయిల హాస్టళ్లకు అబ్బాయిలకు లేని ఆంక్షలు పెట్టకూడదు. ప్రతి సంస్థలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. వ్యవహారం విద్యార్థులకు సంబంధించినదైతే డిగ్రీ, పీజీ, పరిశోధక విద్యార్థుల నుంచి ఒక్కొక్కరు చొప్పున ముగ్గురు అందులో కూర్చోవాలి. వాళ్లను విద్యార్థులే ఎన్నుకోవాలి, ప్రిన్సిపాల్ తనకు నచ్చినవారిని వేస్తే చెల్లదు. ఘటన జరిగిన మూడు నెలల్లోగా ఫిర్యాదు ఇవ్వాలి, విచారణ 90 రోజుల్లో పూర్తవ్వాలి.

అయినా చాలామంది నోరు విప్పరు. వాళ్ల భయం వేధించినవాడి గురించి మాత్రమే కాదు, ఇంటి గురించి కూడా. "నాన్నకు తెలిస్తే చదువు మాన్పించి పెళ్లి చేసేస్తారు" అనే మాట లేడీస్ హాస్టళ్లలో తరచూ వినిపిస్తుంది. ఫిర్యాదు అందగానే మొదట తల్లిదండ్రులకు ఫోన్ చేసే వార్డెన్ ఉన్నచోట, ఆ భయం నిజమే అవుతుంది. తెలంగాణలో 2014లో పోలీసులు మొదలుపెట్టిన షీ టీమ్స్‌కు వాట్సాప్‌లో కూడా ఫిర్యాదు చేయవచ్చు, అత్యవసరమైతే 112 ఉంది. కానీ క్యాంపస్‌లో రోజూ ఎదురుపడే లెక్చరర్ మీదో క్లాస్‌మేట్ మీదో చెప్పుకోవాలంటే, తన తోటి విద్యార్థులు కూడా కూర్చున్న కమిటీ కావాలి. సీటు ఖాయమైన రోజు ఫీజు, మెస్ బిల్లు అడిగినట్టే ఆ కమిటీలోని ముగ్గురు విద్యార్థుల పేర్లూ అడగండి. నోటీసు బోర్డు మీద కనబడకపోతే రాతపూర్వకంగా అడగండి.