పక్షవాత రోగి ఇల్లు చేరాక

మెదడుకు రక్తం చేరవేసే నాళం పూడుకుపోవడం వల్లనో, చిట్లిపోవడం వల్లనో వచ్చే పక్షవాతంలో, పల్లెల్లో కాలూ చేయీ పడిపోయాయని చెప్పుకునే ఆ జబ్బులో, ప్రాణగండం గడిచాకనే దీర్ఘకాలపు పని మొదలవుతుంది. చచ్చుబడిన అవయవాలకూ, తడబడే మాటకూ తిరిగి పని నేర్పే ఆ సాధనను పునరావాస చికిత్స అంటారు. జబ్బు తీవ్రత మరీ ఎక్కువగా లేని రోగిని ముందుగానే ఇంటికి పంపి, ఫిజియోథెరపిస్టు, మాటను చక్కదిద్దే స్పీచ్ థెరపిస్టు, స్నానం, భోజనం వంటి పనులు అలవాటు చేయించే ఆక్యుపేషనల్ థెరపిస్టు ఒక బృందంగా ఆ ఇంటికే వెళ్లి చికిత్స కొనసాగించే పద్ధతిని 1990లలో స్టాక్‌హోం, లండన్ వంటి నగరాలలో పరీక్షించారు. అటువంటి అధ్యయనాలన్నింటినీ కలిపి చూసినప్పుడు ఆసుపత్రిలో ఉండే కాలం సగటున ఐదారు రోజులు తగ్గడమే కాక, ఇతరులపై ఆధారపడి బతికేవారి సంఖ్య కూడా తగ్గిందని తేలింది.

వనపర్తి జిల్లాలోని వీపనగండ్ల వంటి మండలంలో మాత్రం త్వరగా ఇల్లు చేరడమంటే చాలాసార్లు ఖర్చుకు తాళలేక చేరడమే. 2022లో వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణాలలో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమై వైద్యం కొంత దగ్గరైనా, గడప దాటి లోపలికి వచ్చాక రోగికి దిక్కు ఇంటివాళ్లే. వలసలకు పేరుపడిన ఈ పాలమూరు సీమలో ఆ ఇంటివాళ్లు వయసు మళ్లిన భార్యో, కూలి మానుకున్న కోడలో అయి ఉంటారు.

వారికే శిక్షణ ఇస్తే సరిపోతుందా అని మన దేశంలోని 14 ఆసుపత్రులలో 1250 మంది రోగులతో 'అటెండ్' అనే అధ్యయనం జరిగింది. 2017లో లాన్సెట్ పత్రికలో వెలువడిన దాని ఫలితం ప్రకారం, ఆరు నెలల తరువాత మరణించినవారూ, పరాధీనులైనవారూ కలిపి శిక్షణ పొందిన కుటుంబాలలోనూ, మామూలు వైద్యం అందినవారిలోనూ 47 శాతమే. కనుక నిపుణుల బరువును కుటుంబం నెత్తిన పెట్టి చేతులు దులుపుకోవడం తగదు. బీపీ, షుగరు చూడడానికి ఆశా కార్యకర్త వెళ్లే గడపకే థెరపిస్టు కూడా వెళ్లే ఏర్పాటు కావాలి.

అలాగని ఇంట్లో చేసే సాయం వృథా కాదు. పడిపోయిన చేతిని పట్టి లాగితే భుజం కీలు పట్టు తప్పుతుంది కనుక రోగిని లేపేటప్పుడు నడుము దగ్గర ఆసరా ఇవ్వాలి. మంచినీళ్లు తాగగానే పొర పోయినా, గొంతు బొంగురుపోయినా ఆపి డాక్టరుకు చూపాలి. చొక్కా వేసుకునేటప్పుడు పడిపోయిన చేతికి ముందుగా తొడిగి, విప్పేటప్పుడు ఆ చేతినుంచి చివరగా తీయాలి. ఎంత ఆలస్యమైనా రోగి తన మంచి చేతితో ఆ పని తానే చేసుకుంటుంటే, ఎదురుగా కూర్చున్నవారు గుండీ పెట్టబోయే తమ చేతిని ఆపుకోవాలి, ఎందుకంటే ఆ గుండీ కోసం తడుముకోవడం కూడా చికిత్సే.