మీకు తెలుసా? తుపాకీ బోరు, తిరుపతి గాలి

● చంద్రగిరి దాటి భాకరాపేట వైపు పోతే వచ్చే చామల అడవుల్లో, మనుషుల్ని పొట్టన పెట్టుకున్న పెద్దపులిని వెంటాడిన బెంగళూరు వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ చేతిలో ఏ తుపాకీ ఉండేదో తెలుసా? .405 వించెస్టర్. 1954లో అచ్చయిన ఆయన పుస్తకంలో మన నాగపట్ల పేరూ కనిపిస్తుంది. ఆ తుపాకీ బుల్లెట్ అడ్డం పది మిల్లీమీటర్లకు పైనే, బరువు 300 గ్రెయిన్లు, అంటే 19 గ్రాముల పైచిలుకు. 1909లో థియోడర్ రూజ్‌వెల్ట్ ఆఫ్రికాలో సింహాల వేటకు పట్టుకెళ్లిందీ ఈ కేలిబరే.

పొద నుంచి ఉరికి వచ్చే పులిని దగ్గర్లోనే కూలదోయడానికి అంతకన్నా నమ్మకమైనది దొరకదు. కానీ అదే తుపాకీతో వెయ్యి గజాల అవతలి బోర్డును కొట్టాలంటే పని జరగదు. ఆ బుల్లెట్ మూతి బొటనవేలి కొసలా మొద్దుగా ఉంటుంది. గాలి దాన్ని అడుగడుగునా అడ్డుకుంటుంది, వేగం తొందరగా పడిపోతుంది. బోరు పెద్దదైతే దూరం కొడుతుందని చాలామంది నమ్ముతారు. దూరపు గురి పోటీల్లో లెక్క వేరు.

● .303 రైఫిల్ బుల్లెట్ అడ్డం .303 అంగుళాలు ఉండదు. దాదాపు .311 ఉంటుంది. కేలిబర్ అంకె చాలాసార్లు గొట్టంలో గాళ్ల మధ్య నిలిచిన గట్ల నడుమ కొలత, ఒక్కోసారి వట్టి పేరు.

● వెయ్యి గజాలంటే 914 మీటర్లు. అంత దూరానికి .308 వించెస్టర్ బుల్లెట్ చేరడానికి సెకనున్నర పైనే పడుతుంది. వంద గజాలకు సరిచేసిన గురితోనే కొడితే అది పది మీటర్ల దాకా కిందికి జారుతుంది. భూమ్యాకర్షణ రోజూ ఒకేలా ఉంటుంది కాబట్టి ఆ జారుడును ముందే లెక్కగట్టి స్కోప్ తిప్పుకోవచ్చు. గాలితోనే చిక్కు. గంటకు 16 కిలోమీటర్ల అడ్డగాలి వీస్తే ఆ బుల్లెట్ రెండు మీటర్లకు పైగా పక్కకు కొట్టుకుపోతుంది. హార్నడీ కంపెనీ తెచ్చిన 6.5 క్రీడ్‌మూర్ బుల్లెట్ .308 కన్నా సన్నం, తేలిక. అయినా పొడుగ్గా, సూదిమొనతో ఉండటంవల్ల ఆ కొట్టుకుపోవడం నాలుగో వంతు దాకా తగ్గుతుంది. అంత పొడుగు బుల్లెట్ పల్టీ కొట్టకుండా నిలవాలంటే బొంగరం తిరిగినట్టు తిరగాలి. గొట్టంలోని మెలికలు దాన్ని నిమిషానికి రెండు లక్షల చుట్లకు మించిన వేగంతో తిప్పి వదులుతాయి. నన్నడిగితే కేలిబర్ ఎంపికలో మొదట చూడాల్సింది ఈ బుల్లెట్ ఆకారమే.

6.5కూ ఒక లోటుంది. దాని బారెల్ .308 కన్నా చాలా ముందే అరిగిపోతుంది. బారెల్‌ను విదేశాల నుంచి తెప్పించుకునే మన షూటర్లకు అది చిన్న ఖర్చు కాదు.

● .308లోనే 168 గ్రెయిన్ల పేరున్న పోటీ బుల్లెట్ ఒకటి ఉంది. 600 గజాల దాకా దానికి తిరుగులేదు. వెయ్యి గజాలు చేరేలోపు వేగం ధ్వని వేగానికి పడిపోయి తూలిపోతుంది. దాని పక్కనే 175 గ్రెయిన్ల బుల్లెట్ నిలకడగా పోతుంది. రెండింటి బరువుల్లో తేడా అర గ్రాము కూడా లేదు. అసలు కిటుకు తోక భాగం సన్నబడే కోణంలో ఉంది.

● ఇక్కడే తిరుపతి ఎండ కలిసొస్తుంది. 15 డిగ్రీల చలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. మన మే నెల 42 డిగ్రీల్లో అది 356 దాకా ఉంటుంది. అయినా ఆ వేడికి గాలి పలచబడి బుల్లెట్‌కు అడ్డు తగ్గుతుంది. తూటాలోని మందు కూడా వేడెక్కి వేగం పెంచుతుంది. అందుకే డిసెంబరులో సరిచేసిన గురి మే నెలలో పైకి తగులుతుంది. వేడి నేల మీద స్కోప్‌లో ఎండమావి కనిపిస్తుంది. దాని అలలు నిట్టనిలువుగా లేస్తుంటే గాలి లేనట్టు, పక్కకు వాలి పారుతుంటే గాలి అటు వీస్తున్నట్టు. అనుభవమున్న షూటర్ గాలి జెండాతో పాటు దీన్నీ చదువుతాడు.

● శ్రీహరికోట రాకెట్లకు సాయం చేసే భూభ్రమణం బుల్లెట్‌నూ వదలదని మీకు తెలుసా? తిరుపతి అక్షాంశం దగ్గర తూర్పు వైపు వెయ్యి గజాలకు కాల్చిన .308 బుల్లెట్ పది సెంటీమీటర్లకు మించి పైకి తగులుతుంది. పడమటికి కాలిస్తే అంతే కిందికి. భూమి తిరగడంవల్ల కుడివైపు జరిగేది మాత్రం ఇక్కడ సుమారు మూడు సెంటీమీటర్లే. లండన్‌లో అది మూడింతలకు పైనే. తిరుపతి భూమధ్యరేఖకు దగ్గరగా ఉండటమే కారణం.

● పోటీ ఏదో తేలాకే కేలిబర్ తేలుతుంది. అంతర్జాతీయ 300 మీటర్ల రైఫిల్ పోటీలో 8 మిల్లీమీటర్లు దాటకూడదు. ఈ దూరం 1972 మ్యూనిక్ తర్వాత ఒలింపిక్స్‌లో లేదు. 50 మీటర్లకు .22 మాత్రమే. 

మన దేశంలో చట్టం మరో గీత గీస్తుంది. .303, 7.62 నిషేధిత బోర్లు. సైన్యం తూటా జనం చేతిలో పడకూడదని బ్రిటిష్ హయాంలో మొదలైన పట్టింపు ఇది. లైసెన్సు తుపాకీల్లో .315 అంతగా కనిపించడానికి కారణం అదే. దూరపు గురికి అది తగిన ఎంపిక కాదు. జాతీయ పోటీల్లో నిర్ణీత స్కోరు సాధించి గుర్తింపు పొందిన షూటర్లకు పోటీ రైఫిల్ దిగుమతికి దారి ఉంది.

● .177 ఎయిర్ రైఫిల్‌కు, శక్తి 20 జౌళ్లు మించనంతవరకు, 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. చిత్తూరులోనో మదనపల్లెలోనో గురి మీద మనసుపడ్డ పిల్లలు మొదలుపెట్టాల్సింది దీంతోనే. శ్వాస, ట్రిగ్గర్, నిలకడ అన్నీ ఇక్కడే పట్టుబడతాయి. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది ఈ కేలిబర్‌తోనే, పది మీటర్ల దూరం నుంచి. ఆ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క అడ్డం అర మిల్లీమీటరు. పెల్లెట్ అడ్డం దానికి తొమ్మిదింతలు.