మీకు తెలుసా? తల్లిపాలు ఉప్పగా మారతాయి!

నడక నేర్చిన బిడ్డ రెండు గుటకలు వేసి, మొహం చిట్లించి రొమ్ము వదిలేస్తే పళ్లొస్తున్నాయనో, దిష్టి తగిలిందనో అనుకుంటాం. పాల రుచే మారి ఉండొచ్చు. పాలు తగ్గేకొద్దీ వాటిలో లాక్టోజ్ తగ్గి సోడియం పెరుగుతుంది. తీపి తగ్గి ఉప్పదనం వస్తుంది. తల్లి మళ్లీ నెల తప్పినా ఇంతే. కొందరు పిల్లలు అప్పుడే మానేస్తారు, కొందరు పట్టించుకోరు. ఒకవైపు పాలే వద్దంటుంటే మాత్రం ఆ రొమ్ము వాచిందేమో చూసుకోవాలి. వాపులోనూ పాలు ఉప్పనవుతాయి.

తల్లి తిన్న వెల్లుల్లి వాసన కూడా సుమారు 2 గంటల్లో పాలకు పడుతుంది. బిడ్డ తాగదేమోనని బెంగా? ఫిలడెల్ఫియాలోని మోనెల్ కేంద్రం పరిశోధకులు 1991లో ప్రచురించిన అధ్యయనంలో, ఆ వాసన ఉన్నప్పుడే పిల్లలు రొమ్మును ఇంకాసేపు వదల్లేదు. బాలింతకు వెల్లుల్లి కారం కలిపి పెట్టే మన అమ్మమ్మలకు ఇదేం వింత కాదు లెండి.