ట్రెయిలర్ ఎ.సి. మొరాయిస్తే దోషమెక్కడ?

ఇంటి ముంగిట నిలిపిన ట్రావెల్ ట్రెయిలర్‌కు గరాజ్ సాకెట్ నుండి కరెంటు ఇచ్చినపుడు, పైకప్పు మీది ఎయిర్ కండిషనర్ ఒక్కొక్కసారి మూలిగి ఆగిపోతుంది. లేదా బ్రేకర్ పడిపోతుంది. యంత్రాన్ని నిందించే ముందు దానికి చేరుతున్న వోల్టేజిని పరీక్షించడం వివేకం.

భారతదేశంలో గృహవిద్యుత్తు 230 వోల్టులు. అమెరికాలో సాధారణ సాకెట్‌లో 120 వోల్టులే. అంతే శక్తికి ఇక్కడ దాదాపు రెట్టింపు కరెంటు కావాలి. తీగలో పుట్టే ఉష్ణం కరెంటు వర్గాన్ని అనుసరిస్తుంది గనుక, అదే తీగలో నష్టం సుమారు నాలుగు రెట్లవుతుంది.

13,500 బి.టి.యు. ఎ.సి. నడిచేటపుడు సుమారు 13 ఆంపియర్లు, కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో దానికి కొన్ని రెట్లు తీసుకుంటుంది. 50 అడుగుల 14 గేజి ఎక్స్‌టెన్షన్ తీగ నిరోధం, రానుపోను, పావు ఓము. 13 ఆంపియర్లకు 3 వోల్టులు, 50 ఆంపియర్లకు 12 వోల్టులు తీగలోనే హరిస్తాయి. 10 గేజి తీగలో ఈ నష్టం సగానికంటె తక్కువ.

కనుక ఎ.సి. నడుస్తుండగా ట్రెయిలర్ లోపలి సాకెట్‌లో వోల్టు మీటరు తగిలించి చూడాలి. 105కు దిగువన ఉంటే వెంటనే ఆపివేయాలి. లేకుంటే మోటారు వేడెక్కి కాలిపోవచ్చు. ప్లగ్గు నల్లబడితే మార్చాలి. వోల్టేజి సరిగా ఉన్నా మూలుగు మానకపోతే కెపాసిటర్‌ను శంకించవచ్చు. కరెంటు తీసివేసినా అందులో విద్యుత్తు నిలిచి ఉంటుంది. ఆ పని మెకానిక్కుకే వదలాలి.

మరొక హెచ్చరిక: 30 ఆంపియర్ల ట్రెయిలర్ సాకెట్ 120 వోల్టులది. చూపునకు బట్టలారబెట్టే డ్రయ్యర్ సాకెట్‌ను పోలి ఉండడం వలన, పొరపాటున దానికి 240 వోల్టులు కలిపితే ట్రెయిలర్‌లోని పరికరాలు క్షణంలో దగ్ధమవుతాయి. కొత్త సాకెట్‌ను కొలిపించిన తరువాతనే ప్లగ్గు పెట్టండి.