మీకు తెలుసా? కొన్న హారం మెడలో వేసుకోకూడదు!

ఆస్ట్రేలియాలో సొంతంగా నడుపుకునే రిటైర్మెంట్ ఫండ్ డబ్బుతో హారం కొంటే, దాన్ని ఇంట్లోవాళ్లు ఒక్క పెళ్లికి కూడా మెడలో వేసుకోకూడదు, ఇంటి బీరువాలో పెట్టుకోకూడదు. 2011 జులై 1 నుంచి అమల్లో ఉన్న ఈ నిబంధన అక్కడ స్థిరపడ్డ మన పిల్లలకూ వర్తిస్తుంది. ఫండ్ సభ్యుల తల్లిదండ్రులు కూడా చట్టం దృష్టిలో సంబంధీకులే కాబట్టి, ఆ హారాన్ని తెచ్చి చౌటుప్పల్‌లో అమ్మ బీరువాలో దాచినా తప్పే. అమ్మ తన పాత గొలుసును ఆ ఫండ్‌కు అమ్మడమూ కుదరదు. నగ కొన్న 7 రోజుల్లో ఫండ్ పేరిటే బీమా చేయించాలి. ఎక్కడ దాచారో, అక్కడే ఎందుకు దాచారో కాగితం మీద రాసి ఉంచాలి.

మన డబ్బుతో కొన్న బంగారానికి ఇన్ని ఆంక్షలా అనిపించడం సహజం. కానీ ఆ ఫండ్ రాబడిపై పన్ను సాధారణంగా 15 శాతమే. మిగతాది ముసలితనం కోసమని ప్రభుత్వం వదులుకున్న పన్ను. ఆ నగతో ఇవాళే సింగారించుకుంటే రాయితీకి అర్థమే ఉండదు. వేసుకున్నంత మాత్రాన బంగారం అరిగిపోతుందా అంటారు. అరగదు, నిజమే. అయితే ఒంటి మీది నగ పోవచ్చు, అవసరం పడితే తాకట్టు కొట్టుకూ చేరవచ్చు. ఫండ్ ఆస్తిని తాకట్టు పెట్టడాన్ని చట్టం విడిగా నిషేధించింది. వానలు మొహం చాటేసిన ఏడాది పెట్టుబడికి నగలే దిక్కయ్యే మన మెట్ట ప్రాంతపు ఇళ్లకు ఈ షరతు అస్సలు సరిపడదు. అలాంటి అవసరాలున్నవాళ్లు బంగారాన్ని ఫండ్ బయటే ఉంచుకోవడం మేలు. మేలిమి బంగారు కడ్డీలు ఈ నగల నిబంధన కిందికి రావు. తాకట్టు నిషేధం మాత్రం వాటికీ ఉంది.