మన ఊరి ఉన్నిబంతి ఆట ఏమైపోయినది?



నలభై ఏళ్ళు దాటినవారు ఒక్క నిమిషము కళ్ళు మూసుకొని మీ ఊరి హైస్కూలు మైదానాన్ని జ్ఞాపకము చేసికొనండి. సాయంకాలము అయిదు గంటల వేళ. రెండు సరుగుడు కర్రలు, వాటి మధ్య ఒక వల, నేలమీద ముగ్గుతో గీసిన గీతలు. ఇటు అయిదుగురు, అటు అయిదుగురు. వారి మధ్య పసుపుపచ్చని ఉన్నిబంతి ఒకటి నేల తాకకుండా తిరుగుతూ ఉండేది. అదే బాల్ బ్యాడ్మింటన్. చాలా ఊళ్ళలో వట్టి 'బ్యాడ్మింటన్' అంటే ఈ ఆటే. ఈకల బంతితో ఆడేదానిని 'షటిల్' అనేవారు.

మేము చిన్నవారమై యున్నప్పుడు మా చేతికి బ్యాటు ఇచ్చేవారు కారు. గీత బయట నిలబడి, తుమ్మచెట్లలో పడిన బంతిని వెదకి తెచ్చి ఇవ్వడమే మా వంతు. ఎప్పుడైనా పెద్దవారిలో ఒకరు రాకపోతే, "ఒరేయ్, ఇవాళ నువ్వు వెనకాల నిలబడు" అని పిలిచేవారు. ఆ రాత్రి సంతోషముతో మాకు నిద్ర పట్టేది కాదు.

ఇప్పుడు ఆ మైదానాలలో చాలావాటికి వెళ్ళి చూస్తే కర్రలు లేవు, వల లేదు, గీతలు లేవు. ఈ ఆట ఎక్కడికి పోయినది? అది పోయిన చోట మనము ఇంకేమి పోగొట్టుకొన్నాము?

ఘనమైన గతము

ఇది మన దక్షిణదేశపు ఆట. 19వ శతాబ్దములో తంజావూరు రాజకుటుంబీకులు దీనిని ఆడేవారని చెబుతారు. 1954లో ఈ ఆటకు జాతీయ సమాఖ్య ఏర్పడినప్పుడు మొదట చేరినవారిలో ఆంధ్రవారు ఉన్నారు. మొదటి జాతీయ పోటీలు 1956లో మన హైదరాబాదులోనే జరిగినవి. ఈ ఆటలో మొట్టమొదటి అర్జున అవార్డు 1970లో అందుకొన్నవారు వరంగల్లుకు చెందిన జమ్మలమడక పిచ్చయ్యగారు. కృష్ణా జిల్లాలో పుట్టిన ఆయన నూరేళ్ళు దాటి జీవించి 2021 డిసెంబరులో కన్నుమూశారు. ఆ వార్త చదివిన యౌవనస్థులలో ఎందరికి ఆయన ఆడిన ఆట ఏమిటో తెలుసునని మేము ఆలోచించాము.

ఈ ఆట మన ఊళ్ళకు ఎందుకు అంతగా సరిపోయినదో చూడండి. షటిల్ బరువు సుమారు 5 గ్రాములు. చిన్న గాలి వీచినా అది దారి తప్పుతుంది. అందుకే దానికి నాలుగు గోడలు, కప్పు కావాలి. ఉన్నిబంతి బరువు 27 నుండి 30 గ్రాములు. మన సాయంకాలపు గాలికి అది తట్టుకొంటుంది. కోర్టు 24 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు, అనగా సుమారు ఏడు సెంట్ల స్థలము. ఆ ఏడు సెంట్లలో పదిమంది ఆడుకోవచ్చు. రుసుము లేదు, కరెంటు లేదు, ఒకరినొకరు తోసుకొనుట లేదు. అందుచేత యాభై ఏళ్ళ మాస్టారు, పదిహేనేళ్ళ విద్యార్థి ఒకే జట్టులో నిలబడగలిగేవారు.

ఎందుకు సన్నగిల్లినది?

1983లో మన దేశము ప్రపంచకప్పు గెలిచిన తరువాత క్రికెట్టు ప్రతి సందులోకి వచ్చినది. టెలివిజను దానిని ప్రతి ఇంటిలోకి తెచ్చినది. ఇది ఒక కారణము. 1992లో షటిల్ బ్యాడ్మింటనుకు ఒలింపిక్సులో పతకపు స్థానము దొరికినది. మన ఉన్నిబంతికి ఒలింపిక్సులో గాని ఆసియా క్రీడలలో గాని చోటు దొరకలేదు. తరువాత 2001లో గోపీచంద్‌గారు ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. సింధు 2016లో రియోలో రజతము, 2021లో టోక్యోలో కాంస్యము తెచ్చినది. ఇవి మనమందరము గర్వించవలసిన విజయాలే. అయితే పిల్లవాని చేతికి ఏ బ్యాటు ఇవ్వాలో తల్లిదండ్రులు నిర్ణయించుకొన్నది అక్కడే.

అన్నిటికంటె పెద్ద కారణము స్థలము. ఖాళీ జాగా విలువ పెరిగినకొలది ఆట విలువ తగ్గినది. మైదానములో అదనపు గదులు లేచినవి, దుకాణాలు లేచినవి. ఆట పూర్తిగా చనిపోలేదు. జాతీయ పోటీలు ఇప్పటికీ జరుగుచున్నవి, రైల్వే జట్లు ఆడుచున్నవి. కాని ఊరి సాయంకాలములో నుండి అది వెళ్ళిపోయినది.

మా తప్పు ఒకటి

ఇంతవరకు ఇతరుల సంగతి వ్రాశాము. ఇప్పుడు మా సంగతి కూడ వ్రాయవలసియున్నది.

మేము ఇంతకు మునుపు సేవ చేసిన ఒక సంఘములో గుడి ప్రక్కన ఇటువంటి కోర్టు ఉండేది. సాయంకాలము పన్నెండు, పదిహేనుమంది కుర్రవాళ్ళు వచ్చేవారు. వారిలో సగము మంది మన సంఘమువారు కారు. ఒకనాడు బంతి వెదకుతూ గోడ ఎక్కినవాని కాలు తగిలి కిటికీ అద్దము పగిలినది. స్త్రీల సమాజపు ప్రార్థనవేళ కేకలు వినబడుచున్నవని ఫిర్యాదు కూడ వచ్చినది. కార్లు పెట్టుకొనుటకు స్థలము చాలలేదు. కమిటీలో ఎవరును ఒత్తిడి చేయలేదు; కర్రలు తీసివేద్దామని మేమే అన్నాము. వారము రోజులలో అక్కడ సిమెంటు పరచినారు. ఆవరణ శుభ్రముగా ఉన్నదని అందరు మెచ్చుకొన్నారు.

కొన్ని సంవత్సరాల తరువాత ఒక బస్‌స్టాండులో ఆ కుర్రవాళ్ళలో ఒకడు మమ్మును గుర్తుపట్టి నమస్కరించాడు. "గుడికి వస్తున్నావా బాబూ?" అని అడిగాము. అతడు నవ్వి, "ఆ కర్రలు పీకిన రోజునే మమ్మల్నీ పీకేశారు గదండీ అయ్యగారూ" అన్నాడు. కోపముతో అనలేదు. అందుకే ఆ మాట మరింత గ్రుచ్చుకొన్నది. "మాదే పొరపాటు, క్షమించు" అన్నాము. అతని బస్సు వచ్చినది, వెళ్ళిపోయాడు. ఆ తరువాత అతనిని మేము చూడలేదు.

ఆ కుర్రవాళ్ళు ప్రసంగము వినుటకు రాలేదు, నిజమే. కాని ఆట ముగిసిన తరువాత గుడి మెట్లమీద కూర్చుండి మంచినీళ్ళు త్రాగేవారు. పరీక్ష తప్పిన సంగతి, ఇంటిలో తండ్రి త్రాగి వచ్చిన సంగతి ఆ మెట్లమీదనే మాతో చెప్పేవారు. మేము మైదానమును మాత్రమే మూసివేశామనుకొన్నాము. ఆ మెట్లను కూడ మూసివేశాము.

సంఘమునకు ఆటతో ఏమి పని?

ఈ ప్రశ్న కొందరు పెద్దలు అడుగుతారు. శరీర వ్యాయామపు ప్రయోజనము కొద్దిదే అని పౌలు తిమోతికి వ్రాశాడు గదా అంటారు. అవును, దైవభక్తితో పోల్చినప్పుడు అది కొద్దిదే. కాని కొద్దిది అన్నాడే గాని బొత్తిగా లేదనలేదు.

చరిత్ర చూచినను సంఘము ఆటకు దూరముగా లేదు. 1891లో బాస్కెట్‌బాల్‌ను, 1895లో వాలీబాల్‌ను రూపొందించినవారు అమెరికాలో వై.ఎం.సి.ఏ. పనివారే. 1920లో మద్రాసులో హ్యారీ క్రో బక్ దొరగారు వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాలను స్థాపించారు. మన దేశములో డ్రిల్లు మాస్టర్లకు శిక్షణ ఇచ్చిన తొలి కళాశాలలలో అది ఒకటి. మన మిషను హైస్కూళ్ళకు అంత విశాలమైన మైదానాలు ఊరకనే రాలేదు.

జెకర్యా గ్రంథము 8వ అధ్యాయము తీసి చూడండి. చెరనుండి తిరిగివచ్చిన ప్రజలకు దేవుడు బాగుపడిన యెరూషలేమును చూపుచున్నాడు. అక్కడ ఆయన చూపినది రెండు గుంపులను: చేతికర్రలతో వీధులలో కూర్చున్న వృద్ధులను, అవే వీధులలో ఆడుకొనుచున్న మగపిల్లలను, ఆడపిల్లలను. పెద్దలు చూచుచుండగా పిల్లలు ఆడుకొనుట దేవుని దృష్టిలో ఒక పట్టణము స్వస్థపడినదనుటకు గురుతు. మన ఆవరణలలో ఆ గురుతు ఉన్నదా?

మనమేమి చేయగలము?

పోయిన కాలమంతటిని వెనుకకు తేలేము. ఉన్నిబంతికి ఒలింపిక్సులో స్థానమును మనము ఇప్పించలేము. కాని గుడి ఆవరణలో ఏడు సెంట్లు ఖాళీగా ఉన్నవేమో చూడగలము. రెండు కర్రలు, ఒక వల, గుప్పెడు ముగ్గు, ఇంతే ఖర్చు. పాత బ్యాట్లు అటకమీద ఉన్న పెద్దలు వాటిని దింపి, వారానికి రెండు సాయంకాలములు పిల్లలకు నేర్పగలరు. ఆడపిల్లలకు కూడ వంతు ఉండవలెను. ప్రార్థనవేళకు ఆట ఆపవలెనని ముందుగానే చెబితే పిల్లలు తప్పక వింటారు; మేము ఆనాడు చెప్పి చూడనే లేదు.

ప్రస్తుతము మేమున్న సంఘములో రోడ్డువైపు జాగాలో దుకాణాలు కట్టి అద్దెకు ఇద్దామని ఒక ఆలోచన నడుచుచున్నది. సంఘమునకు ఆదాయము అవసరమే. కమిటీ ఏమి తీర్మానించునో మేము ఎరుగము. ఈసారి మాత్రము మేము లేచి, ఆ బస్‌స్టాండులో విన్న మాటను అందరి ఎదుట చెప్పి, తరువాతనే కూర్చుంటాము. మీ సంఘములో ఇటువంటి తీర్మానము వచ్చినప్పుడు మీరును ఒక్క ప్రశ్న అడగండి: ఈ జాగాలో ఇప్పుడు ఎవరు ఆడుకొనుచున్నారు, రేపు వారు ఎక్కడికి పోతారు?

పిల్లలను తన యొద్దకు రానిచ్చిన ప్రభువు మన ఆవరణల గేట్లను, వాటికంటె ముందుగా మన హృదయములను తెరచును గాక! ఆమేన్.