మిణుగురు చెప్పు సాక్ష్యము

వానకాలపు రాత్రి కంఠేశ్వరు దాటి బోధను దారిని పోవుచు, చెరకుతోట గట్టున మినుకుమను మిణుగురును దోసిట పట్టి, వ్రేళ్ల సందులనుండి జారు ఆ పసుపుపచ్చని వెలుగు చేతికి వేడి సోకకుండుట చూచి అబ్బురపడినవారు మనలో పెక్కురు. ఆ చల్లని వెలుగే నేడు క్యాన్సరు మందుల పరీక్షలో సాక్షియై నిలిచినది.

మిణుగురు కడుపున లూసిఫెరిన్ అను పదార్థమును, దానిని ప్రాణవాయువుతో కలుపు లూసిఫెరేజ్ అను ఎంజైమును కలవు. అయినను ఏటీపీ తోడైనగాని వెలుగు పుట్టదు. బోధను చెరకులోని తీపియైనను, జీవకణమున కరగి తుదకు సమకూర్చునది శక్తిని మోయు ఈ ఏటీపీ యను పదార్థమునే. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డులో సైరస్ ఫిస్కెతో కలిసి 1929లో దానిని కండరములనుండి వెలికిదీసిరి. జర్మనీలో కార్ల్ లోమన్ ఆ యేడే వేరుగా కనుగొనెను. 1947లో బాల్టిమోరున విలియం మెకెల్రాయ్, మిణుగురుల రసమున ఆరిపోయిన వెలుగు ఏటీపీ చేర్చగానే మరల వెలుగుటను చూపెను.

1985లో లూసిఫెరేజ్ జన్యువు శాస్త్రజ్ఞుల చేజిక్కినది. కణములు అదుపు తప్పి పెరుగకుండ కాపుకాయు పీ53 అను ప్రోటీను తట్టిలేపు మీట యొకటి కొన్ని జన్యువులకు ముందుండును. ఆ మీటకు మిణుగురు జన్యువును తగిలించి క్యాన్సరు కణములోనికి ఎక్కింతురు. అరచేతి పాటి పలకలోని 384 గుంటలలో ఈ కణములనుంచి, గుంటకొక రసాయనము చొప్పున వేసి, పిదప లూసిఫెరిన్ చేర్చి, చీకటి పెట్టెలో యంత్రముచే వెలుగును కొలుతురు. ఏ గుంట కాంతి హెచ్చినదో అందలి రసాయనము పీ53ను మేల్కొల్పినదని తొలి సూచన.

అయితే ఒక్క సాక్షి మాటతో తీర్పు చెప్పరాదు. వెలుగు తగ్గినచో మీట కదలకపోయి యుండవచ్చును, కణమే చచ్చియుండవచ్చును, లేదా ఆ రసాయనము లూసిఫెరేజునే అడ్డగించి యుండవచ్చును. కావున వేరొక పద్ధతిని సరిచూచి, ఆరోగ్యవంతమగు కణములపైనను పరీక్షించిన పిదపనే ముందడుగు వేయుదురు.

ఇట్టి పరీక్షలు లేని కాలమున, సుబ్బారావుగారు నడిపిన లెడర్లీ మందుల సంస్థ పరిశోధకబృందము సమకూర్చిన అమినోప్టెరిన్ అను మందును సిడ్నీ ఫార్బర్ బోస్టనులో లుకేమియా అను రక్తక్యాన్సరు కలిగిన పిల్లలకిచ్చి, 16 మందిలో 10 మందికి తాత్కాలికముగా నెమ్మదించినదని 1948లో ప్రకటించెను. ఆ యేడాది ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూసిరి. ఆనాడు మందు గుణమును ఆ పసివారి నెత్తురులోనే వెదకవలసివచ్చెను. నేడు పనికిరాని రసాయనములు వేలకొలదిగ ఆ చిన్నగుంటలలోనే ఓడిపోయి, బిడ్డల దాక రాకున్నవి. ఆ మేలులో మన చెరకుగట్టు పురుగునకును, భీమవరపు బిడ్డకును పాలు కలదు.